ఎర్ర సూది మందు

ఈసారి ఉత్తరాలు చిత్రంగా అన్నీ ఒకే దారిలో వచ్చాయి. పోయిన నెల సెప్ట్రాన్ మాత్ర గురించి (క్రిముల్ని ఆపే సల్ఫా మందుల జాతిది) రెండు ముక్కలు రాసి వదిలేశాను, దానికి పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా ఎవరికి గుర్తొచ్చింది వాళ్ళు రాసి పంపారు. మోకాళ్ళ నొప్పులు, గ్యాస్ ట్రబుల్ వాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి, మీ సంగతి వచ్చేసారి చూద్దాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. మా అమ్మమ్మకి నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మ రెండో కాన్పు అయిన ఆరో రోజుకి ఒళ్ళు కాలిపోయి, కలవరించి కలవరించి పోయిందట. మన ఊరు ఒరిస్సాలో కలవకముందు సంగతి అని చెప్పేది. తర్వాత కొన్నేళ్ళకి అమ్మమ్మ పిన్నికి కూడా పురుడయ్యాక అచ్చం అలాంటి జ్వరమే వచ్చింది. అప్పుడు డాక్టరుబాబు వచ్చి రక్తంలాగ ఎర్రగా ఉన్న సూది మందు వేశారట, మర్నాటికి మూత్రం కూడా ఎర్రగా వచ్చిందట, ఇంట్లో అందరూ ఇంక అయిపోయిందని ఏడుపులు మొదలెట్టేశారట. కానీ ఆవిడ బతికింది, ఎనభై దాటేదాకా మా పెళ్ళిళ్ళన్నీ చేసి మరీ వెళ్ళింది. ఆ ఎర్ర మందు ఏమిటి? రక్తమే ఎక్కించారా? – ఒక పాఠకురాలు

జవాబు: రక్తం కాదమ్మా, రంగు. నిజంగానే బట్టలకేసే రంగుల జాతిది. మీరు చెప్పిన గుర్తులన్నీ, అంటే ఎర్ర సూది, ఎర్ర మూత్రం, బాలింత జ్వరం, కలిపి చూస్తే అది ప్రాంటోసిల్ అనే మందులా ఉంది, సల్ఫా మందులన్నిటికీ అది పెద్దక్క. మూత్రం ఎర్రబడటం రక్తం పడటం కాదు, లోపలికెళ్ళిన రంగు బయటికి రావటం. ఆ ఏడుపులు మొదలెట్టినవాళ్ళకి డాక్టరుబాబు ఆ ముక్క ముందే చెప్పి ఉంటే బాగుండేది, అయినా మా వాళ్ళకి అప్పుడూ ఇప్పుడూ చెప్పే అలవాటు తక్కువే.

మీ అమ్మమ్మ లెక్క ఎంత బాగా పెట్టుకుందో చూడండి. పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. ఈ మందు బాలింతల్ని బతికిస్తుందని లండన్‌లో లెక్కలతో సహా అచ్చయింది అదే ఏడు జూన్‌లో. అంటే మీ ముత్తమ్మమ్మకి, ఆవిడ చెల్లెలికి మధ్య ఉన్న తేడా ఇంటి వైద్యంలోనో జాతకంలోనో లేదు, ఆ కొన్ని సంవత్సరాల్లో ఉంది.

జబ్బు ఏమిటో ముందు చెప్తాను. మాయ పడిపోయాక గర్భసంచి లోపల అది అంటుకున్న చోటంతా అరచేయంత పచ్చి పుండు. మంత్రసాని చేతుల నుంచో, బొడ్డు కోసిన కత్తి నుంచో, ఒక్కోసారి పక్కన కూర్చున్న వాళ్ళ గొంతు నొప్పి నుంచో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి అక్కడికి చేరుతుంది, అక్కడి నుంచి తిన్నగా రక్తంలోకి. రెండో రోజో మూడో రోజో చలి పుట్టుకొచ్చి జ్వరం, పొట్ట ఉబ్బరం, నాడి పరుగు, మాటలు తేడాగా రావటం. మనవాళ్ళు బాలింత సన్నిపాతం అనేది దీన్నే. చేతులు శుభ్రంగా కడుక్కుంటే ఇది సగానికి సగం రాదని వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లోనే చూపించాడు, కానీ వచ్చేశాక ఏం చెయ్యాలో ఇంకో తొంభై ఏళ్ళ దాకా ఎవరి దగ్గరా లేదు. తడిగుడ్డ, గంజి, దణ్ణం, అంతే. పెద్దింటి వాళ్ళకి కూడా అంతే. 1924లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ పదహారేళ్ళ కొడుకు మేజోళ్ళు లేకుండా టెన్నిస్ ఆడితే కాలివేలికి బొబ్బ లేచింది, అది సెప్టిక్ అయి రక్తంలోకి పాకింది, వారం తిరిగేసరికి పిల్లాడు లేడు. తండ్రి ఆ దేశానికి అధ్యక్షుడు, బొబ్బేమో చెప్పు కరిచినంత.

ఇక ఎర్ర మందు. జర్మనీలో ఎల్బర్‌ఫెల్డ్ అనే చోట బేయర్ మందుల కంపెనీ వాళ్ళ ల్యాబులో క్లారర్, మీచ్ అనే ఇద్దరు కెమిస్టులు రంగులు తయారుచేసి ఇస్తుంటే గెర్హార్డ్ డోమాక్ అనే డాక్టరు వాటిని ఒక్కొక్కటే ఎలకల మీద పరీక్షించేవాడు. 1932 డిసెంబర్‌లో 26 ఎలకలకి స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, 12 ఎలకలకి ఈ ఎర్ర రంగు పట్టించి, 14 ఎలకల్ని ఊరికే వదిలేశాడు. వదిలేసిన 14 చచ్చిపోయాయి, మందు పడిన 12 మిగిలాయి. ఇంత తేడా వస్తే ఎవరైనా మళ్ళీ మళ్ళీ చేసి చూసుకుంటారు, ఆయనా అదే చేశాడు, పైకి అచ్చు వేయించింది 1935 ఫిబ్రవరిలో. ఈలోగా 1933లో డ్యుసెల్‌డార్ఫ్‌లో పది నెలల పిల్లాడికి రక్తమంతా క్రిములు పాకిపోయి ఆశ వదులుకున్నాక ఈ మందు ఇచ్చారు, బతికాడు. అక్కడ తమాషా ఏమిటంటే వాడికి ఉన్నది స్ట్రెప్టోకాకస్ కాదు, స్టెఫిలోకాకస్, దాని మీద ఈ మందు బలం తక్కువే. అయినా గెలిచింది.

1935 చివర్లో డోమాక్ సొంత కూతురికే చేతిలో సూది దిగబడి సెప్టిక్ అయింది. ఎన్నిసార్లు కోసి చీము తీసినా తగ్గక, ఇంక చెయ్యి తీసెయ్యాలి అన్నారట సర్జన్లు. తండ్రి తన ల్యాబులో ఉన్న ఎర్ర మందు తెచ్చి పట్టించాడు, చెయ్యీ నిలిచింది పిల్లా నిలిచింది. నా పిల్లకి నేను కొత్త మందు అలా వేయగలనా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మీ పిన్ని అమ్మమ్మకి దారి చూపింది మాత్రం లండన్‌లో క్వీన్ షార్లెట్ ఆస్పత్రిలో లియొనార్డ్ కోల్‌బ్రూక్. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళంతా బాలింత జ్వరం కేసులే. ముందు ఆయనా పెద్దగా నమ్మలేదు, ఎలకల మీద తనే చేసి చూసుకుని అప్పుడు దిగాడు. మొదట మందు ఇచ్చిన 38 మందిలో పోయింది ముగ్గురు. అంతకు ముందు అదే ఆస్పత్రిలో నలుగురికి ఒకరు పోయేవారు. తర్వాత ఇంకో 26 మందికి ఇస్తే ఒక్కరూ పోలేదు. ఆ మందు ఒకసారి పొడిచి వదిలేసేది కాదు, సూది మందుతో పాటు మాత్రలు నాలుగేసి గంటలకి, రాత్రీ పగలూ లేపి మరీ. కొందరికి పెదాలు, గోళ్ళు నీలంగా తిరిగేవి, అదీ మందు వల్లే. ఎర్ర మూత్రం, నీలం పెదాలు, మధ్యలో జ్వరం దిగటం, ఆ రోజుల్లో ఇంట్లో వాళ్ళ గుండెలు ఎలా ఉండేవో మరి. మీ అమ్మమ్మ చెప్పినవి ఇంకా ఏమైనా గుర్తుంటే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, అలాంటివి మా పుస్తకాల్లో ఉండవు.

ప్రశ్న: సార్, నేను బరంపురంలో బీఎస్సీ మైక్రోబయాలజీ. ప్రాంటోసిల్ టెస్ట్ ట్యూబులో క్రిముల్ని ఏమీ చెయ్యదు, ఒంట్లో మాత్రం పనిచేస్తుంది అని మా మేడమ్ చెప్పారు. మరి ఎలా? ఎగ్జామ్‌కి రాదు, ఊరికే తెలుసుకుందామని. – ఒక విద్యార్థి

జవాబు: ఎగ్జామ్‌కి రానిది అడిగావు చూడు బాబూ, అందుకే నీ జవాబు పెద్దగా రాస్తున్నా.

ఆ సంగతి విప్పింది పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, ఫూర్నో గారి ల్యాబులో ట్రెఫువెల్ దంపతులు, నిట్టి, బోవెట్ అనే వాళ్ళు, 1935లోనే. ప్రాంటోసిల్ ఒంట్లోకి వెళ్ళాక రెండు ముక్కలవుతుంది. రంగు ఉన్న ముక్క దండగ. రంగు లేని ముక్క పేరు సల్ఫానిలమైడ్, పని చేసేది అదే. గ్లాసు గొట్టంలో ఆ విరగ్గొట్టే పని చేసేవాళ్ళు లేరు కాబట్టి మందు నిద్రపోతూ ఉండేది. ఇక్కడ బేయర్ వాళ్ళకి తగిలిన దెబ్బ ఏమిటంటే ఆ సల్ఫానిలమైడ్‌ని వియన్నాలో పాల్ గెల్మో అనే కుర్రాడు 1908లోనే తయారుచేసేశాడు, పేటెంట్ ఎప్పుడో తీరిపోయింది. అంటే ఎర్ర రంగు మీద పేటెంట్ ఉంది గానీ అసలు సరుకు ఎవరైనా వండుకోవచ్చు. వండారు కూడా, ప్రపంచమంతా. తెల్ల మాత్రలు చవగ్గా వచ్చాయంటే అందుకే. ఒక్క విషయం మాత్రం నన్ను ఇప్పటికీ పీకుతూ ఉంటుంది, 1908 నుంచి 1932 దాకా ఆ పొడి సీసాల్లో ఉంది, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలు సెప్టిక్ అయి పోయినవాళ్ళ పక్కనే ఉందన్నమాట, ఎవరూ దాన్ని మందుగా చూడలేదు.

ఇక అది ఏం చేస్తుంది అంటే, చంపదు. ఇది గట్టిగా పట్టుకో. క్రిమికి పెరగాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి, మనమైతే ఆకుకూరల్లో తినేస్తాం, దానికి తినడం చేతకాదు, సొంతంగా వండుకోవాలి. ఆ వంటలో పాబా అనే దినుసు ఒకటి పడాలి. సల్ఫా చూడ్డానికి అచ్చం పాబాలాగే ఉంటుంది. ఉప్పనుకుని పటిక వేసేసినట్టు క్రిమి దీన్ని వేసేసుకుంటుంది, వంట చెడిపోతుంది, ఇంక అది పిల్లల్ని పెట్టలేదు. 1940లో ఇంగ్లండ్‌లో వుడ్స్, ఫైల్డ్స్ ఈ గుట్టు బయటపెట్టారు. మన ఒంట్లో ఆ వంటే లేదు కాబట్టి మనకి ఆ దెబ్బ తగలదు.

కాబట్టి మందు చేసేది గేటు వేసి నిలబెట్టడం మాత్రమే, కొట్టి పంపేది నీ ఒంట్లో తెల్లకణాలు. గేటు నాలుగు గంటలకోసారి వేస్తూ ఉండాలి, మధ్యలో వదిలేస్తే మళ్ళీ దూరిపోతాయి. ఇంకో సంగతి, చీము పట్టిన గడ్డలో సల్ఫా దాదాపు పనికిరాదు. ఎందుకంటే చచ్చిన కణాల నుంచి క్రిమికి కావలసిన దినుసులు అక్కడ వండినవే దొరుకుతాయి, పొయ్యి ఆర్పేస్తే మాత్రం ఏం, పక్కింట్లో భోజనం ఉంది. అందుకే సెగగడ్డని కొయ్యాల్సిందే అని మా సర్జన్లు కత్తి పట్టుకుని కూర్చునేవాళ్ళు, మాత్ర వచ్చినా వాళ్ళ పని పోలేదు. మీ మేడమ్‌కి నమస్కారాలు చెప్పు.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్తే. మాది రాయగడ దగ్గర పల్లె. పొలంలో కాలికి ముల్లు దిగి పాదం వాచింది. ఇంట్లో మా ఆయనకి ఎప్పుడో ఇచ్చిన సెప్ట్రాన్ మాత్రలు ఐదు మిగిలి ఉంటే రోజుకొకటి వేసుకున్నాను. వాపు తగ్గలేదు, మూడో రోజుకి ఒళ్ళంతా దద్దుర్లు, దురద. మానేశాక దద్దుర్లు పోయాయి. ఇది కూడా ఆ సల్ఫాయేనా? మళ్ళీ వేసుకోవచ్చా? – ఒక గృహిణి

జవాబు: సల్ఫాయే తల్లీ. సెప్ట్రాన్‌లో రెండు మందులుంటాయి, ఒకటి సల్ఫామెథాక్సజోల్, రెండోది ట్రైమెథోప్రిమ్, అది కూడా ఆ ఫోలిక్ ఆసిడ్ వంటనే ఇంకో గుమ్మం దగ్గర ఆపుతుంది, రెండు గుమ్మాలూ మూస్తే క్రిమికి దారి ఉండదని. కానీ మీరు రోజుకొకటి వేసుకున్నారు, పెద్దవాళ్ళకి మామూలుగా రెండు పూటలా వేస్తారు. పైన ఆ కుర్రాడికి రాసింది చదివారుగా, గేటు ఒక పూట వేసి ఒక పూట తీసేస్తే ఏమవుతుంది. పైగా ముల్లు లోపలే ఉండిపోయి చీము పట్టి ఉంటే మాత్ర రెండుపూటలా వేసినా లాభం ఉండేది కాదు, ముల్లు తియ్యాలి. తీయించుకున్నారో లేదో ఉత్తరంలో రాయలేదు. టీటీ సూది సంగతీ రాయలేదు.

మళ్ళీ మాత్రం వేసుకోకండి. జన్మలో వేసుకోకండి. ఈసారి దద్దుర్లతో పోయింది, రెండోసారి నోరు, కళ్ళు పుండ్లు పడి చర్మం పొరలు పొరలుగా ఊడే దాకా వెళ్ళొచ్చు, నేను చూశాను అలాంటి కేసు, ఇప్పుడు తలుచుకున్నా అన్నం సహించదు. ఒక చిన్న కాగితం మీద ‘సల్ఫా మందు పడదు’ అని తెలుగులో, కింద ఒడియాలో రాయించి మీ ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి. ఒడియాలో ఎందుకంటే ఆస్పత్రిలో చూసే డాక్టరమ్మకి మన తెలుగు రాకపోవచ్చు. ఇంకో ముఖ్యమైన మాట, మన రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా జ్వరానికి ఆశా దీదీ రక్తం చుక్క తీసి చూసి ఇచ్చే ప్యాకెట్టు ఉంటుందిగా, అందులో ఆర్టిసునేట్‌తో పాటు మొదటి రోజు వేసే మాత్రల్లో సల్ఫడాక్సిన్ ఉండొచ్చు. పేరు వేరు, జాతి అదే. ఈసారి జ్వరం వస్తే ప్యాకెట్టు చింపకముందే ఆవిడకి ఈ దద్దుర్ల సంగతి చెప్పండి, వేరే మందు ఇస్తారు.

నీళ్ళ సంగతి కూడా రాసేస్తా, ఈ మందు వాడే మిగతావాళ్ళకి పనికొస్తుంది. నేను వైజాగ్‌లో చదువుకునే రోజుల్లో మా ల్యాబులో ఒక పాత స్లైడు ఉండేది, సల్ఫా వాడి నీళ్ళు సరిగా తాగని మనిషి మూత్రం. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే కోతలయ్యాక పొలంలో వరి పనలు నడుం దగ్గర కట్టి పడేసినట్టు ఉన్నాయి, అచ్చం అలాగే, రెండు వైపులా విచ్చుకుని. అవి మందు గడ్డకట్టిన పలుకులు. అవే కిడ్నీ గొట్టాల్లో ఇరుక్కుంటే మూత్రం బందు. పాత సల్ఫాలతో ఇది మహా ఎక్కువ, ఇప్పటి వాటితో తక్కువ, అయినా చెంబుడు నీళ్ళు తాగితే మనకి పోయేదేమీ లేదు.

కాలికి దెబ్బ తగిలాక ఎర్ర చార పైకి పాకుతున్నా, చలి పుట్టి జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా, మూత్రం తగ్గిపోయినా అది రక్తంలోకి వెళ్ళిందని అనుమానించాలి. అప్పుడు డబ్బాలో మాత్రలు వెతక్కండి, బండి వెతకండి. ఈ రోజుల్లో దానికి నరంలోకి ఎక్కించే మందులు వేరే ఉన్నాయి. సల్ఫా కాలం వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది, చాలా క్రిములు దానికి అలవాటు పడిపోయాయి, రెండో ప్రపంచ యుద్ధం పూర్తయ్యేలోపే అది మొదలైంది. 1942లో అమెరికాలో న్యూ హేవెన్ ఆస్పత్రిలో ఒకావిడకి గర్భం పోయాక స్ట్రెప్టోకాకస్ రక్తంలోకి పాకి నెల రోజులు జ్వరం దిగలేదు, సల్ఫా ఇచ్చారు, రక్తం ఎక్కించారు, ఏదీ పట్టలేదు. చివరికి అప్పుడప్పుడే చెంచాల లెక్కన తయారవుతున్న పెన్సిలిన్ తెప్పించి ఇస్తే మర్నాటికి జ్వరం దిగింది. మీ పర్లాకిమిడి అక్కగారి ఇంట్లో గెలిచిన మందు అక్కడ ఓడిపోయింది.

ప్రశ్న: జయపురంలో మెడికల్ షాపులో పనిచేస్తాను. సల్ఫా సిరప్ తాగి అమెరికాలో జనం చచ్చిపోయారని విన్నాను, నిజమా? సల్ఫా అంత విషమా?

జవాబు: నిజమే, 1937లో. కానీ విషం సల్ఫాలో లేదు, దాన్ని కరిగించిన ద్రవంలో ఉంది. పిల్లలు మాత్ర మింగరు, సిరప్ కావాలన్నారు జనం, సల్ఫానిలమైడ్ నీళ్ళలో సరిగ్గా కరగదు, ఒక కంపెనీ కెమిస్టు డైఎథిలీన్ గ్లైకాల్ అనే విష ద్రవంలో కరిగించి రాస్ప్‌బెర్రీ వాసన వేసి అమ్మేశాడు. రంగు చూశారు, రుచి చూశారు, వాసన చూశారు, ఒక్క ఎలకకి పట్టించి చూడలేదు. డోమాక్ 26 ఎలకల లెక్క ఇప్పుడు గుర్తు చేసుకోండి. వందమందికి పైగా పోయారు, అందులో పిల్లలు చాలామంది, కిడ్నీలు ఆగిపోయి. అప్పటి చట్టం ప్రకారం ఆ కంపెనీ చేసిన తప్పు ఏమిటంటే సీసా మీద పేరు తప్పు రాయటం, ఎలిగ్జర్ అంటే సారా ఉండాలట, అందులో లేదట! ఆ సిగ్గుతోనే 1938లో, అమ్మేముందు మందు ప్రమాదం కాదని చూపించి తీరాలని చట్టం చేశారు. ఇదంతా పాత కథ అనుకుంటున్నారేమో, 2022లో గాంబియాలో పిల్లలు తాగిన సిరప్‌లలో మళ్ళీ అదే డైఎథిలీన్ గ్లైకాల్ దొరికింది, అవి మన దేశంలో తయారైనవే. మీ షాపులో బిల్లు లేకుండా వచ్చే సిరప్ పెట్టెలు ఎవరైనా దించుతుంటే మీ ఓనరు గారితో ఈ పేజీ చదివించండి.

ప్రశ్న: ఇంత మంచి మందు కనిపెట్టిన డోమాక్ గారికి నోబెల్ ఇచ్చారా? – రిటైర్డ్ టీచర్, గుణుపురం

జవాబు: మాస్టారూ, మీ పోయినసారి కార్డులో డోమాక్ పేరు మీరు రాసినందుకే ఈ నెల ఈ గొడవంతా మొదలైంది. ఇచ్చారు, 1939లో. అయితే అంతకు ముందు జైల్లో పెట్టిన జర్మన్ శాంతివాది ఒసియెట్‌స్కీకి శాంతి బహుమతి ఇచ్చారని హిట్లర్‌కి కోపం, జర్మన్లెవరూ నోబెల్ పుచ్చుకోకూడదని ఆర్డరు. డోమాక్ మర్యాదకి థాంక్స్ అని ఉత్తరం రాసినందుకు హిట్లర్ రహస్య పోలీసులు, గెస్టపో వాళ్ళు పట్టుకెళ్ళి వారం రోజులు లోపల పెట్టారు, తర్వాత నాకు వద్దు అని వేరే ఉత్తరం మీద సంతకం పెట్టించారు. యుద్ధం అయిపోయాక 1947లో స్టాక్‌హోమ్ వెళ్ళి పతకం, పత్రం తెచ్చుకున్నాడు. డబ్బుకి మాత్రం గడువు దాటిపోయిందని ఇవ్వలేదు.